సామూహిక జీవిత బీమా: సభ్యత్వంతో వచ్చే రక్షణ

ఒక సంస్థ, బ్యాంకు, సంఘం లేదా ప్రభుత్వ శాఖ తన సభ్యులందరి తరఫున ఒకే ఒప్పందం కింద తీసుకునే జీవిత బీమా సామూహిక బీమా. వాడుకలో దీన్ని గ్రూప్ ఇన్సూరెన్స్ అంటారు. వ్యక్తిగత పాలసీలో బీమా కంపెనీకీ పాలసీదారుకూ నడుమ ఇంకొకరు ఉండరు. ఇక్కడ ఉంటారు. అసలు ఒప్పందమైన మాస్టర్ పాలసీ యజమాని పేరునో, బ్యాంకు పేరునో, ప్రభుత్వ శాఖ పేరునో ఉంటుంది. సభ్యుడికి అందేది ఒక ధ్రువపత్రం మాత్రమే. చాలా పథకాల్లో అది కూడా చేతికి రాదు. సభ్యుడి పేరు ఆ ఏటి జాబితాలో ఉన్నన్నాళ్లు రక్షణ ఉంటుంది, పేరు తొలగిన రోజున పోతుంది. ఈ బీమా చౌకగా దొరకడానికీ, క్లెయిము దగ్గర వచ్చే చిక్కులకూ ఈ ఏర్పాటే కారణం.

తెలుగు రాష్ట్రాల్లో సామూహిక బీమా వ్యక్తిగత బీమా కన్నా ఎక్కువ ఇళ్లకు చేరింది, చాలాసార్లు ఇంటివాళ్లకు తెలియకుండానే. తెలంగాణ పల్లెలో ఒక ఇల్లు తీసుకుందాం. తండ్రికి పట్టాదారు పాసు పుస్తకం వల్ల రైతు బీమా ఉంటుంది. ఆయన బ్యాంకు ఖాతాలోంచి ఏటా మే నెలలో 436 రూపాయలు తగ్గుతుంటే అది ఇంకో బీమా. తల్లి స్వయం సహాయక సంఘంలో అప్పు తీసుకుంటే దానికి ఒకటి ఉండొచ్చు. హైదరాబాద్‌లో పనిచేసే కొడుకుకు పీఎఫ్ ఖాతా ఉంటే దానితోపాటు మరొకటి. ఏజెంటు గడప తొక్కని ఇంట్లో కూడా ఇలా నాలుగు బీమాలు ఉంటాయి. వాటిలో ఎన్ని ఆపద వేళ డబ్బుగా మారతాయన్నది వేరే సంగతి.

పుట్టుక

తలా కొంత వేసుకుని చనిపోయిన సభ్యుడి కుటుంబాన్ని ఆదుకునే పద్ధతి వృత్తి సంఘాల్లో ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మీడ్‌విల్‌లో 1868లో ఏర్పడిన ఒక కార్మిక సోదర సంఘం దీనికి కచ్చితమైన రూపం ఇచ్చింది. సభ్యుడు చనిపోయినప్పుడల్లా మిగతావాళ్లు తలా ఒక డాలరు వేసేవారు. ఈ తరహా సంఘాలన్నిటికీ ఒకే జబ్బు పట్టుకుంది. వయసుతో నిమిత్తం లేకుండా అందరి దగ్గరా ఒకే మొత్తం తీసుకోవడంతో, సభ్యులు ముసలివాళ్లయ్యేకొద్దీ మరణాలు పెరిగాయి, చందాలు పెరిగాయి, యువకులు తప్పుకున్నారు. చివరికి ఇచ్చేవాళ్లు తగ్గి పుచ్చుకోవలసినవాళ్లు మిగిలారు. 1911లో అమెరికన్ కంపెనీ ఈక్విటబుల్, ఒక కృత్రిమ తోలు కర్మాగారంలోని కార్మికులందరికీ ఒకే పాలసీ ఇచ్చింది. ఆధునిక గ్రూప్ బీమా చరిత్ర అక్కడ మొదలవుతుందని సాధారణంగా చెబుతారు. కర్మాగారంలోకి ఏటా కొత్త కుర్రవాళ్లు వస్తారు, పెద్దవాళ్లు రిటైరవుతారు; గుంపు సగటు వయసు పెద్దగా మారదు. సోదర సంఘాల జబ్బుకు మందు దొరికింది అక్కడే.

మన దగ్గర ప్రభుత్వోద్యోగుల కుటుంబాలకు ఇలాంటి ఏర్పాటు నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ రాష్ట్రంలో 1907లోనే, కుటుంబ పింఛను నిధి రూపంలో మొదలైంది. నేటి ప్రభుత్వ జీవిత బీమా శాఖల మూలాలు అందులోనే ఉన్నాయి. అయితే ఆ శాఖలు ఇచ్చేవి వ్యక్తిగత పాలసీలు. వాటినీ గ్రూప్ ఇన్సూరెన్స్ పథకాన్నీ ఒకటిగా పొరబడటం ఉద్యోగుల ఇళ్లలో తరచూ కనిపిస్తుంది. దేశవ్యాప్తంగా అసలు విస్తరణ 1956 సెప్టెంబరు 1న ఎల్‌ఐసీ ఏర్పడిన తరవాత జరిగింది.

చౌకదనం వెనక లెక్క

గ్రూప్ బీమా సాధారణంగా ఏడాదికేడాది పునరుద్ధరించే శుద్ధ రక్షణ. ఆ ఏడు ఎవరూ పోకపోతే డబ్బు తిరిగి రాదు. సరెండర్ విలువ ఉండదు, బోనస్ ఉండదు, అప్పు పుట్టదు. అందుకే ప్రీమియం తక్కువ. ఏజెంటు ఇంటింటికీ తిరగడం, డాక్టరు పరీక్ష, విడివిడిగా కాగితాల ఖర్చు ఉండవు కాబట్టి ఇంకా తగ్గుతుంది.

ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమానే చూడండి. 2 లక్షల రూపాయల రక్షణకు ఏటా 436 రూపాయలు. ఇందులో బీమా కంపెనీకి చేరేది 395; మిగిలిన దాంట్లో 30 రూపాయలు సభ్యుణ్ని చేర్పించిన ఏజెంటుకు లేదా బ్యాంకు ప్రతినిధికి, 11 బ్యాంకు నిర్వహణ ఖర్చుకు. 2 లక్షలను 395తో భాగిస్తే దాదాపు 506 వస్తుంది. అంటే ఏడాదిలో ప్రతి 506 మందిలో ఒకరికి మించి చనిపోతే కంపెనీకి నష్టం. 2015లో 330 రూపాయలతో మొదలైన ప్రీమియాన్ని 2022 జూన్ 1 నుంచి 436కు పెంచడానికి క్లెయిములు వసూళ్లను మించిపోవడమే కారణం.

ఇదే లెక్క తెలంగాణ రైతు బీమాకు వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 2018లో ఒక్కో రైతుకు ప్రభుత్వం ఎల్‌ఐసీకి కట్టిన మొత్తం 2,271 రూపాయల 50 పైసలు. అందులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే 1,925. 5 లక్షల రక్షణకు ఇది దాదాపు 260 మందిలో ఒక మరణం అన్న అంచనా. బ్యాంకు పథకంలో 50 ఏళ్ల లోపు చేరినవాళ్లే ఉంటారు, 55కు రక్షణ ఆగిపోతుంది. రైతు బీమా 59 ఏళ్ల దాకా ఉంటుంది. పైగా అర్హులైన రైతులందరినీ ప్రభుత్వమే చేర్పిస్తుంది కాబట్టి జబ్బుతో ఉన్నవాళ్లు కూడా వస్తారు. రేటు రెట్టింపుకు దగ్గరగా ఉండటంలో వింతేమీ లేదు. ఆ తరవాతి ఏళ్లలో అది ఇంకా పెరిగింది.

ఎవరు చేరొచ్చు

బీమా కోసమే పోగైన గుంపును చట్టం గుంపుగా ఒప్పుకోదు. ఉద్యోగం, వృత్తి, బ్యాంకు ఖాతా, అప్పు, సహకార సంఘం వంటి వేరే బంధం ముందు ఉండాలి. ఈ నియమం లేకపోతే జబ్బు పడ్డవాళ్లంతా ఒక సంఘం పెట్టుకుని పాలసీ అడుగుతారు. డబ్బు దండుకోవడానికి నకిలీ సంఘాలు పుట్టుకొచ్చే ప్రమాదమూ ఉంది. గ్రామాల్లో ‘మా సొసైటీలో సభ్యత్వం తీసుకుంటే బీమా ఉచితం’ అని వచ్చేవాళ్లను, మాస్టర్ పాలసీ ఏ కంపెనీది, నంబరేమిటి అని అడిగితే చాలాసార్లు మాట అక్కడే ఆగిపోతుంది.

పెద్ద గుంపుల్లో ఒక పరిమితి వరకు ఆరోగ్య పరీక్షలు లేకుండానే చేర్చుకుంటారు. కంపెనీ ఉద్యోగులకైతే చేరే రోజున విధుల్లో ఉండాలన్న షరతు ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న ఉద్యోగికి తిరిగి పనిలో చేరాకే రక్షణ మొదలవుతుంది. ఇష్టమైనవాళ్లే చేరే పథకాల్లో కొంత నిరీక్షణ కాలం పెడతారు. జీవన జ్యోతిలో కొత్తగా చేరిన తొలి 30 రోజుల్లో ప్రమాదం వల్ల తప్ప ఇతర కారణంతో మరణిస్తే డబ్బు రాదు. ఖాతాలో డబ్బు లేక ఒక ఏడు ప్రీమియం కోత పడకపోయినా, మళ్లీ చేరినప్పుడు ఈ 30 రోజుల లెక్క కొత్తగా మొదలవుతుంది.

ఉద్యోగుల పథకాలు

పీఎఫ్ ఖాతా ఉన్న ప్రైవేటు ఉద్యోగి ప్రతి ఒక్కరికీ ఒక జీవిత బీమా ఉంది. 1976 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన ఈడీఎల్‌ఐ పథకం అది. ఉద్యోగి జీతంలోంచి దీనికి పైసా కోత పడదు. మూల వేతనం, డీఏ కలిపి 15,000 రూపాయల పరిమితికి లోబడి అర శాతం యజమాని కడతాడు, అంటే నెలకు ఎక్కువలో ఎక్కువ 75 రూపాయలు. జీతం చీటీలో కనపడదు కాబట్టే దీని సంగతి చాలామందికి తెలియదు.

ఇచ్చే మొత్తానికి సూత్రం ఉంది. చివరి 12 నెలల సగటు వేతనాన్ని, 15,000 మించకుండా, 35తో హెచ్చిస్తారు. దానికి పీఎఫ్ ఖాతాలో సగటు నిల్వలో సగం, 1,75,000 మించకుండా, కలుపుతారు. సగటు వేతనం 12,000, నిల్వ లక్ష ఉన్న సెక్యూరిటీ గార్డు చనిపోతే కుటుంబానికి 4,20,000, దానిపై 50,000, మొత్తం 4,70,000 రావాలి. 15,000 దాటిన వేతనం, మూడున్నర లక్షల నిల్వ ఉన్నవారికి గరిష్ఠంగా 7 లక్షలు. ఏడాది పాటు ఎడతెగకుండా పనిచేసి ఉంటే కనీసం రెండున్నర లక్షలు వస్తాయి. ఆ ఏడాదిలో కంపెనీ మారినా ఫర్వాలేదు. క్లెయిము ఫారం 5 ఐఎఫ్. చిన్న కాంట్రాక్టు సంస్థల్లో మరణించిన కార్మికుల కుటుంబాలు పీఎఫ్ డబ్బు తీసుకుని ఈ ఫారం సంగతి తెలియక వదిలేయడం మామూలే. ఇంతకన్నా మెరుగైన గ్రూప్ పాలసీ తానే తీసుకునే యజమానికి ఈ పథకం నుంచి మినహాయింపు ఉంటుంది. అప్పుడు కుటుంబం అడగాల్సింది పీఎఫ్ కార్యాలయాన్ని కాదు, ఆ కంపెనీని.

ప్రభుత్వోద్యోగుల పథకం దారి వేరు. కేంద్రంలో 1982 జనవరి 1న, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1984 నవంబరు 1న మొదలైన గ్రూప్ ఇన్సూరెన్స్ పథకాల్లో (ఉద్యోగుల నోట జీఐఎస్) నెలనెలా పడే కోత రెండుగా చీలుతుంది. కేంద్ర పథకంలో 30 శాతం బీమా నిధికి, 70 శాతం పొదుపు నిధికి వెళుతుంది. సర్వీసులో మరణిస్తే బీమా మొత్తమూ, పొదుపూ రెండూ వస్తాయి. రిటైరైతే పొదుపు వడ్డీతో వస్తుంది. ఏడాది నడుమ ఉద్యోగంలో చేరినవారి దగ్గర మొదట బీమా భాగమే కోస్తారు, తరవాతి వార్షిక తేదీ నుంచే పొదుపు మొదలవుతుంది.

ఆలోచన మంచిదే, అంకెలే ముసలివైపోయాయి. కేంద్రంలో గ్రూప్ ‘ఎ’ అధికారికి నెలకు 120 రూపాయల కోత, లక్షా ఇరవై వేల బీమా అన్నది 1990లో పెట్టిన లెక్క. అప్పట్లో అది కొన్నేళ్ల మూల వేతనం. ఇవాళ చాలామంది అధికారులకు ఒకటి రెండు నెలల జీతం. ఏడో వేతన సంఘం నెలకు 5,000 కోతతో 50 లక్షల బీమా దాకా సిఫారసు చేసింది. చేతికొచ్చే జీతం తగ్గిపోతుందని 2016లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకోలేదు. ఈ లోటును ఇప్పుడు జీతం ఖాతాలు తెరిపించుకునే పోటీలో బ్యాంకులు ప్రమాద బీమాతో పూడుస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో సింగరేణి కార్మికులకు మొదలైన కోటి రూపాయల ప్రమాద బీమా అలాంటిదే. కోటి అన్న మాట పెద్దది. గుండెపోటుతో పోయిన కార్మికుడికి మాత్రం ప్రమాద బీమా వర్తించదు.

రైతు బీమా, నేతన్న బీమా

2018 ఆగస్టు మధ్యలో మొదలైన తెలంగాణ రైతు బీమా భారతదేశంలోని సామూహిక బీమా పథకాల్లో విడిగా చెప్పుకోవాల్సింది. 18 నుంచి 59 ఏళ్ల వయసులో ఉండి, పట్టాదారు పాసు పుస్తకం ఉంటే చాలు. భూమి ఒక్క గుంట అయినా సరే. ప్రీమియం మొత్తం రాష్ట్ర ప్రభుత్వానిదే. మరణానికి కారణం ఏదైనా, సహజ మరణమైనా, పాము కాటైనా, ఆత్మహత్య అయినా, నామినీకి 5 లక్షలు. అంతకు ముందు రైతు ఆత్మహత్య చేసుకుంటే పరిహారం కోసం అప్పు పత్రాలు, సాగు నష్టం రుజువులు చూపించి, అది ‘నిజమైన’ రైతు ఆత్మహత్యే అని కుటుంబం నిరూపించుకోవాల్సి వచ్చేది. కారణాన్ని అడగని బీమా ఆ కుటుంబాలకు చేసిన మేలు 5 లక్షలతోనే తీరేది కాదు.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. గ్రామంలో రైతు చనిపోయాక పంచాయతీ కార్యదర్శి మరణాన్ని నమోదు చేసి ధ్రువపత్రం ఇస్తారు. వ్యవసాయ విస్తరణాధికారి, ఊళ్లో అందరూ ఏఈవో అనే ఉద్యోగి, ఇంటికి వెళ్లి నామినీ ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం, క్లెయిము ఫారం తీసుకుని ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. పది రోజుల్లో డబ్బు నామినీ ఖాతాలో పడాలన్నది లక్ష్యం. కుటుంబం బీమా కార్యాలయం చుట్టూ తిరిగే పనే లేదు. గ్రూప్ బీమాలో అసలు లోపం చివరి అంచెలో కబురు చేరవేసేవాళ్లు లేకపోవడం. ఇక్కడ ఆ పని ఒక ఉద్యోగి బాధ్యతగా రాసి ఉంది, పథకం నిలబడింది అందుకే.

చిక్కులు మాత్రం అర్హుల జాబితాలో ఉన్నాయి. వయసుకు ఆధార్ కార్డే ప్రమాణం. పుట్టిన తేదీ తెలియని తరానికి ఆధార్ నమోదు కేంద్రంలో ఉజ్జాయింపుగా ఏడాది వేసి, జనవరి 1 అని రాసేసిన కార్డులు ఊరికి బోలెడు. 55 ఏళ్ల రైతుకు కార్డులో 60 అని ఉంటే ఆయన జాబితాలో లేనట్టే. పాలసీ ఏడాది ఆగస్టు 14 నుంచి మరుసటి ఆగస్టు 13 వరకు. మధ్యలో భూమి కొని పాసు పుస్తకం తెచ్చుకున్నవారు దరఖాస్తు చేసుకుని జాబితాకెక్కే దాకా రక్షణ లేదు. నామినీగా రాసిన భార్య ముందే చనిపోయి, పేరు మార్పించుకోకపోతే డబ్బు చిక్కుపడుతుంది.

అన్నిటికన్నా పెద్ద వెలితి కౌలు రైతుది. పాసు పుస్తకం భూమి యజమానికి ఉంటుంది, అప్పు, పెట్టుబడి, ఎండ కౌలుదారుకు ఉంటాయి. పొలం మొహం చూడకుండా నగరంలో ఉండే పట్టాదారుకు రైతు బీమా ఉంది. ఆ పొలం దున్నేవాడికి లేదు. భూమి పత్రాన్ని సభ్యత్వానికి గుర్తుగా పెట్టుకోవడం పరిపాలనకు తేలిక. కానీ రైతు పేరుతో ఉన్న పథకంలో సాగు చేసేవాడు బయట మిగలడాన్ని ఆ తేలికతనం సమర్థించలేదు.

ఇదే పద్ధతిని 2022 ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, నేతన్న బీమాగా నేత కార్మికులకు విస్తరించారు. అక్కడా మొదట పెట్టిన వయసు 18–59, మొత్తం 5 లక్షలే.

ఆంధ్రప్రదేశ్‌లో అసంఘటిత కార్మికుల బీమా 2016 అక్టోబరు 2న చంద్రన్న బీమాగా మొదలైంది. 2019 తరవాత వైఎస్సార్ బీమా అయింది. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది. పేరుతోపాటు మొత్తాలు, వయో పరిమితులు, డబ్బిచ్చేది బీమా కంపెనీయా ప్రభుత్వమా అన్నది కూడా మారుతుంటాయి. మరణం ఏ తేదీన జరిగిందో చూసి, ఆ రోజు ఏ నియమం అమల్లో ఉందో అడగడం ఒక్కటే కుటుంబం చేయగలిగింది.

మహిళా సంఘాలు, బీమా మిత్రలు

2000లో వచ్చిన జనశ్రీ బీమా, 2007 అక్టోబరు 2న వచ్చిన ఆమ్ ఆద్మీ బీమా యోజన పేదలకోసం ఎల్‌ఐసీ నడిపిన కేంద్ర పథకాలు. 2013లో రెంటినీ కలిపేశారు. సభ్యుడికి ఏటా 200 రూపాయల ప్రీమియం, అందులో సగం కేంద్రం పెట్టిన సామాజిక భద్రతా నిధి నుంచి. సహజ మరణానికి 30,000, ప్రమాద మరణానికి 75,000. 9 నుంచి 12వ తరగతి దాకా చదివే ఇద్దరు పిల్లలకు నెలకు వంద రూపాయల ఉపకార వేతనం కూడా ఉండేది. సభ్యుడికి ఏ ఆపదా రాకుండానే ఇంటికి చేరే డబ్బు అదొక్కటే కాబట్టి, బీమా అంటే నమ్మకం లేని ఊళ్లలో ఈ చిన్న మొత్తమే చేరికకు దారి తీసింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో వచ్చిన అభయహస్తం ఈ తరహా బీమాను పింఛనుతో ముడివేసింది. స్వయం సహాయక సంఘం సభ్యురాలు రోజుకు ఒక రూపాయి, ప్రభుత్వం ఒక రూపాయి వేస్తే 60 ఏళ్లు దాటాక నెలకు కనీసం 500 పింఛను, ఈలోగా బీమా. పథకం కన్నా ఎక్కువగా గుర్తుంచుకోవాల్సింది దాని చుట్టూ ఎదిగిన బీమా మిత్రల వ్యవస్థను. గ్రామంలో మరణం జరిగితే కబురు జిల్లా సమాఖ్య కాల్ సెంటరుకు అందేది. అక్కడినుంచి బీమా మిత్రకు ఫోను వెళ్లేది. ఆమె కూడా ఒక సంఘం సభ్యురాలే. ఇంటికి వెళ్లి, అంత్యక్రియల ఖర్చుకు తక్షణ సాయంగా 5,000 రూపాయలు చేతిలో పెట్టి, తరవాత మరణ ధ్రువపత్రం దగ్గర్నుంచి నామినీ బ్యాంకు ఖాతా దాకా ఒక్కో కాగితం సమకూర్చేది. శవం ఇంట్లో ఉండగా ఫారాలు నింపమనలేం. పదకొండో రోజు కర్మ అయ్యాక అడిగేవాళ్లుండరు. ఈ రెంటి నడుమ ఎప్పుడు వెళ్లాలో ఊరి ఆడమనిషికి తెలిసినట్టు ఏ కార్యాలయానికీ తెలియదు.

బ్యాంకు ఖాతాతో, అప్పుతో వచ్చే బీమా

2015 మే 9న ప్రారంభించి జూన్ 1 నుంచి అమలు చేసిన జీవన జ్యోతి, సురక్షా బీమా పథకాల్లో మాస్టర్ పాలసీదారు బ్యాంకు. జీవన జ్యోతి ఏ కారణంతో మరణించినా వర్తిస్తుంది. సురక్షా బీమా ఏటా 20 రూపాయలకు, 18 నుంచి 70 ఏళ్ల వారికి, ప్రమాదంలో మరణిస్తే లేదా పూర్తి అంగవైకల్యం వస్తే 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష ఇస్తుంది. రెండు బ్యాంకుల్లో రెండు జీవన జ్యోతులు కడితే 4 లక్షలు రావు. ఒక్కటే చెల్లుతుంది, రెండో ప్రీమియం పోయినట్టే. మే నెలాఖరులో ఖాతాలో డబ్బుండాలి. ఉపాధి హామీ కూలి పడగానే మొత్తం తీసేసే ఖాతాల్లో రక్షణ తెగిపోయేది ఇక్కడే.

అప్పుతో వచ్చే బీమా వేరే రకం. ఇంటి రుణం, వాహన రుణం, సూక్ష్మరుణం ఇచ్చేటప్పుడు రుణదాత తన ఖాతాదారులందరికీ గ్రూప్ పాలసీ తీసుకుని, ప్రీమియాన్ని అప్పులో కలుపుతాడు. రుణం తగ్గేకొద్దీ బీమా మొత్తమూ తగ్గుతుంది. రుణగ్రహీత చనిపోతే డబ్బు ముందు బాకీకి జమ అవుతుంది, మిగిలితేనే కుటుంబానికి. ఇది ప్రధానంగా అప్పిచ్చినవాడిని కాపాడే బీమా. అయినా భర్త పోయిన ఇంటి మీద బాకీ లేకుండా చేయడం తక్కువ సాయమేమీ కాదు. తప్పనిసరి అని చెప్పి, ప్రీమియం ఎంతో చెప్పకుండా అప్పులో కలిపేయడమే అభ్యంతరకరం. బాకీ మూసేశాక మిగిలిన కాలానికి ప్రీమియం వాపసు ఉంటుందా అని ఒప్పందంలో చూసుకోవాలి.

గల్ఫ్ వలసకు ఉన్న ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉత్తర తెలంగాణకు, గోదావరి జిల్లాలకు, కడప ప్రాంతానికి దగ్గరి సంగతి. ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికులకు ఇది తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. ఎండలో పనిచేసి గదిలో నిద్రలోనే గుండె ఆగి పోయే మరణాలు ఈ వలసలో ఎన్నో. అవి దీని కిందికి రావు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు విడిగా 5 లక్షల సాయం ప్రకటించవలసి వచ్చింది అందుకే.

ఇతర ప్రయోజనాలు

గ్రూప్ సభ్యత్వంలో జీవిత బీమాకు తోడు ప్రమాద మరణానికి అదనపు మొత్తం, అంగవైకల్య పరిహారం, నయంకాని జబ్బు తేలినప్పుడు ముందే చెల్లింపు, సామూహిక ఆరోగ్య బీమా ఉండొచ్చు. వీటిలో ఏదీ దానంతటదే రాదు. మాస్టర్ పాలసీలో రాసి ఉంటేనే. చట్టం వల్ల వచ్చేవి వేరు. ఉద్యోగి మరణిస్తే గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు నిబంధన వర్తించదు. పీఎఫ్ పింఛను పథకం కింద భార్యకు, పిల్లలకు పింఛను ఉంటుంది. ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడు పని మీద గాయపడి చనిపోతే కుటుంబానికి వేతనంలో 90 శాతం దాకా నెలనెలా ఆశ్రితుల భృతి వస్తుంది. అంత్యక్రియలకు 15,000 వరకు ఇస్తారు. పన్ను విషయంలో 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు జీఎస్టీ ఎత్తేశారు కానీ యజమానులు తీసుకునే గ్రూప్ పాలసీలకు అది అలాగే ఉంది.

ఉద్యోగం మానేసిన రోజున కంపెనీ ఇచ్చిన గ్రూప్ బీమా ఆగిపోతుంది. ‘ఆఫీసులో యాభై లక్షలుంది కదా’ అని సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోని వ్యక్తి, నలభై అయిదో ఏట ఉద్యోగం పోయి, అప్పటికే షుగరు, బీపీ ఉండి కొత్త పాలసీకి వెళితే ప్రీమియం చాలా ఎక్కువ పడుతుంది, లేదా దొరకదు. సామూహిక బీమాను సొంత పాలసీకి అదనంగా చూడాలే తప్ప దాని స్థానంలో పెట్టుకోకూడదు.

నామినీ, వారసులు

నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బు తమదే అనుకోవడం సాధారణ నమ్మకం. శర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు, నామినీ డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే, హక్కు చట్టబద్ధ వారసులదని తేల్చింది. 2015లో బీమా చట్టాన్ని సవరించి, తల్లిదండ్రులను, భార్య లేదా భర్తను, పిల్లలను నామినీగా రాస్తే డబ్బు మీద హక్కు వారికే ఉండేలా మార్చారు. తమ్ముణ్నో స్నేహితుణ్నో రాస్తే పాత సూత్రమే. పీఎఫ్‌లో ఇంకొంచెం కఠినం: కుటుంబం లేని రోజుల్లో వేరేవారి పేరు రాసిన నామినేషన్ పెళ్లి కాగానే చెల్లకుండా పోతుంది. ఈడీఎల్‌ఐ డబ్బూ ఆ నామినేషన్ వెంటే నడుస్తుంది. మైనరు పేరు రాస్తే సంరక్షకుడి పేరు కూడా రాయాలి. లేకపోతే ఎవరు తీసుకోవాలన్న తగాదా మిగులుతుంది.

క్లెయిము, ఫిర్యాదు

కావలసిన కాగితాలు అన్ని చోట్లా ఇంచుమించు ఒకటే: మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు, బ్యాంకు ఖాతా, మాస్టర్ పాలసీదారు సంతకంతో క్లెయిము ఫారం, ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక. పొలంలో పాము కరిచి పోయిన మనిషికి పోస్టుమార్టం చేయించకుండా దహనం చేస్తే సురక్షా బీమా క్లెయిము దగ్గర అదే అడ్డమవుతుంది.

యజమాని జీతంలోంచి ప్రీమియం కోసి కంపెనీకి కట్టకపోతే ఏమిటి? జీతం నుంచి కోసి కట్టే ఎల్‌ఐసీ పాలసీల విషయంలో 1999లో బసంతీ దేవి కేసులో సుప్రీంకోర్టు, వసూలు చేసే యజమాని ఎల్‌ఐసీకి ఏజెంటు లాంటివాడేనని, కోత పడ్డాక ఉద్యోగి కుటుంబం నష్టపోకూడదని చెప్పింది. కాబట్టి కోత కనిపించే జీతం చీటీలు దాచుకోవడం మంచిది.

క్లెయిము తిరస్కరిస్తే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. గ్రూప్ పాలసీ సభ్యుల వారసులు, నామినీలు కూడా అర్హులే. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. ఈడీఎల్‌ఐ తగాదాలు మాత్రం అక్కడికి కాదు, పీఎఫ్ సంస్థకే వెళతాయి. అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలును పెట్టుకోవలసిన పని లేదు.